ఆది లేని గౌను

మా ఇందుకూరుపేటలో ‘ఉజ్జాయింపు’ అనే మాటను నా అంత ఎక్కువగా వాడే మనిషి ఉండదేమో, తిట్టుకుంటూ అయినా సరే. దర్జీ పని నాది. జాకెట్టు కుట్టించుకునే ఆడవాళ్లు ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు ఒకటి కొలత కోసం ఇస్తారు. దాన్ని ఆది అంటాం. కొందరు మహాతల్లులు అది కూడా తేరు. “ఉజ్జాయింపుగా కుట్టెయ్ అక్కా, నీకు తెలీదా” అనేసి పోతారు. తర్వాత చంక దగ్గర పట్టేసిందని నా ప్రాణం తీస్తారు.

ఆ మాటంటే ఏదో ఒకటి గాల్లో చెప్పెయ్యడం అనుకుంటారు చాలామంది. కాదు. రొయ్యల గుంటలో ఎన్ని రొయ్యలున్నాయో పైకి కనపడదు. అయినా వల విసిరి, పడినవాటిని చూసి, మేత ఎంత వెయ్యాలో చెబుతారు. అదీ ఉజ్జాయింపు. తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదాని దగ్గరికి పోవడం. నా పనిలో అయితే ఇంకొకటి కూడా ఉంది. తప్పుతానేమోనని కుట్టు లోపల కాస్త బట్ట ఎక్కువ వదలాలి. బిగువైతే రేపు విప్పుకోవచ్చు.

ఈ మాట నాకు నిజంగా ఒంటబట్టింది మా చెల్లెలి కూతురి గౌన్ల వల్ల. చెల్లెల్ని దొరవారిసత్రంలో ఇచ్చాం. అమ్మ పోయినప్పుడు సమాధి ఎక్కడ చెయ్యాలన్న దగ్గర మాకు మాటా మాటా పెరిగింది. అమ్మ చివరిదాకా తన దగ్గరే ఉంది కాబట్టి అక్కడే అని చెల్లెలు, కాదు మా ఊళ్లో నాన్న సమాధి పక్కనే అని నేను. చివరికి నాన్న పక్కనే జరిగింది. పోయినవాళ్ల ఇంట్లో చర్చివాళ్లు చేసే ప్రార్థన, ఆదరణ కూడికకు వచ్చిన చెల్లెలు మంచినీళ్లు కూడా ముట్టకుండా, పాకే పిల్లను చంకనేసుకుని వెళ్లిపోయింది. తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. కొన్నాళ్లకు నేనూ చెయ్యడం మానేశాను. నేను పెళ్లి చేసుకోలేదు. ఈ భూమ్మీద నావాళ్లంటే ఆ తల్లీకూతుళ్లే.

ప్రతి క్రిస్మస్‌కీ పిల్లకు గౌను కుట్టి పంపుతాను. మా చర్చికి వచ్చే ఒకావిడ కూతురి కాపురం కూడా ఆ ఊళ్లోనే. ఆవిడే తీసుకెళ్లి ఇస్తుంది. ఆది లేదు. ఫొటో అయినా లేదు. చెల్లెలు వాట్సాప్ స్టేటస్‌లో బైబిలు వాక్యాలు పెడుతుందే గానీ పిల్ల మొహం పెట్టదు. నా మీద కోపంతోనే అని నా అనుమానం. అందుకని సండే స్కూలుకొచ్చే ఆ ఈడు పిల్లల్ని పిలిచి, భుజాలకు టేపు పెట్టి చూసుకుంటాను. ఎవరికక్కా అని వాళ్ల అమ్మలు అడగడం కూడా మానేశారు. పంపిన గౌను పిల్ల వేసుకుందో, మూలన పడిందో కబురుండదు. ఇస్త్రీ చేసి మడత పెట్టేటప్పుడు మాత్రం ప్రతిసారీ ఏడుపొస్తుంది. వస్తే వచ్చింది, చూడొచ్చేవాళ్లెవరు గనక.

ఈసారి నేనింకా బట్ట కత్తిరించకముందే ఆ చర్చి ఆవిడ సంచి పట్టుకుని వచ్చింది. “మీ చెల్లెలు ఇమ్మనింది. ఏమీ చెప్పలా” అంది. లోపల పోయినేడాది నేను కుట్టిన గౌను. ఆది పంపింది నా చెల్లెలు.

ఆవిడ వెళ్లాక గౌను తిరగేసి చూశాను. మెడ దగ్గర రంగు వెలిసింది, అంటే బాగానే వేసుకుంది. నేను వదిలిన బట్ట వదిలినట్టే ఉంది. పైగా రెండు పక్కలా చేతికుట్టుతో బాగా లోపలికి బిగించారు. ఇన్నేళ్లూ నా ఉజ్జాయింపులో పెరిగిన పిల్ల బొద్దుగా ఉండేది. ఈ పిల్ల అందులో సగం కూడా లేదు. జబ్బేమైనా చేసిందా, నాకు చెప్పకుండా ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నారా అనుకున్నాను. ఇక పంతమూ గింతమూ గుర్తు రాలేదు. ఫోన్ చేశాను. చెల్లెలు ఎత్తింది.

“పాప అన్నం తింటా ఉందా?” అన్నాను. బాగున్నావా అని కూడా అడగలేదు.



“తింటానే ఉందిలే అక్కా” అంది. “నీ మాదిరే. ఎంత తిన్నా ఒంటికి పట్టదు.”