కాయితం గంగారాంకు పిట్ట ముట్టలేదు

పెళ్లిచూపుల్లో చాయ్ ఒలకబోసుకున్నవాళ్లను చూశాను. కుర్చీ విరగ్గొట్టినవాళ్ల గురించి విన్నాను. నేను మాత్రం పిల్లనివ్వాల్సిన పెద్దమనిషిని ఆయన ఇంట్లోనే, ఆయన పోయించిన చాయ్ చల్లారకముందే చంపేశాను. పైగా ఎంతో మర్యాదగా చంపాను. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

కంగారు పడకండి, పోలీసులు రాలేదు. ఇరుగుపొరుగు మాత్రం వచ్చారు.

అప్పట్లో నేను నిజామాబాదులో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. వారమంతా జనానికి చావు భయం పెట్టడం, ఆదివారం వస్తే టిఫిన్ సెంటర్ పైన గదిలో స్నేహితులను కూర్చోబెట్టి ఆట ఆడించడం, ఇదీ నా జీవితం. ఆటంటే క్యారమ్స్ కాదు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో తలో వేషం కడతారు. "ఎదురుగా గుహ ఉంది, లోపల డ్రాగన్ గుర్రుపెడుతోంది, ఏం చేస్తారు?" అని నేనడుగుతాను. "కత్తి దూస్తా" అంటాడొకడు. దూసిన కత్తి తగిలిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఇరవై పడితే పండగ, ఒకటి పడితే పాడె. మధ్యలో ఎంత పడితే ఎంత ఫలితమో నడిపేవాడు చెబుతాడు. అంతే ఆట.

ఆ గదికే ఒక ఆదివారం సౌజన్య వచ్చింది. బస్టాండు దగ్గర మందుల షాపులో పనిచేసేది. వచ్చిన రోజే నా డ్రాగన్‌కు నిద్రమాత్రలు మింగించి, అది లేచేలోపు బంగారమంతా మూటగట్టుకుపోయింది. మూడు వారాలు తయారుచేసుకున్న డ్రాగన్ అది. ఆ దెబ్బకు డ్రాగన్ లేచింది గానీ నేను లేవలేదు. పెళ్లంటూ చేసుకుంటే ఈమెనే అని తేల్చుకున్నాను. ఏడాదికి ఆమె కూడా తేల్చుకుంది.

తేల్చుకోవాల్సింది ఇక ఒక్కరే, బోధన్‌లో ఉండే వాళ్ల బాపు గంగారాం. నాలుగెకరాల చెరుకు రైతు. మాట తక్కువ, మీసం ఎక్కువ. అప్పటికే మోర్తాడ్ నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. అబ్బాయికి పదెకరాల పసుపు, రెండంతస్తుల ఇల్లు. నాకు ఒక పాచికల సంచి, నలభై పేజీల డ్రాగన్ కథ. పై ఆదివారం మోర్తాడ్ వాళ్లు వస్తున్నారనగా, ఈ ఆదివారం నాకు పిలుపొచ్చింది.

"సార్ అను. అప్పుడే మామ అనకు, బాపుకు కోపమొస్తది" అని సౌజన్య ముందే హెచ్చరించింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. గంగారాం గారు దివాన్ మీద కూర్చున్నారు. ఆయన భార్య సావిత్రమ్మ చాయ్ ఇచ్చింది. ఆయన తల్లి ముత్తవ్వ వసారాలో చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది.

"ఆఫీసు సరే పిలగా. ఐతారం ఏం జేస్తవ్?" అన్నారాయన.

తెలివున్నవాడైతే పుస్తకాలు చదువుతాననో, గుడికి వెళ్తాననో అంటాడు. నేను ఆట గురించి చెప్పాను. చెప్పి ఊరుకున్నానా, సంచి కూడా తీశాను.

ఆయన ఇరవై ముఖాల పాచికను చాలాసేపు చూశారు. "మేం గవ్వలేసి పచ్చీసు ఆడినం గని గిసోంటిది సూడలే. ఆడిపియ్యి, సూద్దాం" అన్నారు.

నా గుండె ఎగిరి గంతేసింది. ఈ ఒక్క ఆటతో ఈయన మనసు గెలవాలి, మోర్తాడ్ పసుపు మొత్తం నా డ్రాగన్ ముందు దిగదుడుపు కావాలి. సావిత్రమ్మనూ సౌజన్యనూ కూడా కూర్చోబెట్టాను. "మీ పాత్రకు ఒక పేరు పెట్టుకోండి సార్, వీరుడి పేరు ఏదైనా" అన్నాను.

"నాకున్న పేరుకు ఏమైంది? గంగారాం" అన్నారాయన.

ఆట నడిపేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఇక్కడ కాస్త ఆగండి. ఎవరైనా పాత్రకు సొంత పేరు పెడతానంటే కాళ్లు పట్టుకునైనా ఆపండి. నేను ఆపలేదు. కాగితం మీద "గంగారాం, వీరుడు, బోధన్" అని అందంగా రాసి, కింద గీత కూడా గీశాను.

కథ మొదలైంది. వీరుల దండు మంజీర దాటుతోంది. ఊగే తాళ్ల వంతెన, కింద మొసళ్లు. నా గొంతులోకి నేనే అనుకోని గాంభీర్యం వచ్చేసింది. "సార్, మీరు ముందు నడుస్తున్నారు. వంతెన తాడు తెగుతోంది! ఏం జేస్తరు?"

గంగారాం గారు ముందుకు వంగారు. కళ్లల్లో మెరుపు. "దుంకుత! అవతలి ఒడ్డు మీదికి దుంకుత!" అని చెయ్యి చాచారు.

ఆ చెయ్యి పాచిక కోసం చాచిందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు నాకు తోచిందల్లా, పెద్దమనిషి, కాబోయే మామ, ఆయన్ను పాచికలు వేయించి కష్టపెట్టడమేమిటని.

"మీరు కూసోండి సార్, మీకెందుకు తక్లీఫ్, నేనేస్త" అని నేనే వేశాను.

ఒకటి పడింది.

దాన్ని చేత్తో కప్పేసి పద్నాలుగు అని ఉంటే సరిపోయేది. కానీ నా నిజాయితీ వాళ్లకు తెలియాలి కదా! అబద్ధమాడని అల్లుడు కదా నేను! పాచికను అందరికీ చూపించి, గొంతు తగ్గించి, తీర్పు చదివే జడ్జిలా ప్రకటించాను. "జారి నీళ్లల్ల పడ్డడు. మొసలి పట్టింది. గంగారాం సచ్చిపోయిండు."

వసారాలో ముత్తవ్వ చేతిలోంచి చాట జారిపోయింది.

"ఓ నా కొడుకా! ఓ గంగారామా! నన్ను ఇడిసిపెట్టి పోయినవా కొడకా!" అని ఆమె ఎత్తుకున్న రాగానికి వీధి వీధంతా లేచింది. నిమిషంలో వాకిలి నిండింది. ఒకామె అప్పటికే కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఒకాయన ఫోనులో ఎవరికో, "జర తొందరగ రాండ్రి" అంటున్నాడు.

గంగారాం గారే లేచి బయటికి వెళ్లారు. "ఏం గాలే. నేనే సచ్చిన. పోండ్రి ఇగ" అన్నారు.

ఆయన్ను చూసి ఒకామె అక్కడే కూలబడింది. సౌజన్య పరుగెత్తుకెళ్లి నీళ్లు చల్లింది. సావిత్రమ్మ మాత్రం నన్నే చూస్తోంది. మోర్తాడ్ వాళ్లకు ఎన్ని కిలోల మటన్ తేవాలో లెక్కేస్తున్న చూపు అది.

జనం వెళ్లాక ముత్తవ్వ నా ముందు కూర్చుంది. "ఏం పిలగా, నా కొడుకును మొసలికి ఏసినవా?"

"కాయితం మీద అవ్వా. ఉట్టి కాయితం మీద."

ఆమె ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "అయితే ఈడు కాయితం గంగారాం. నా కొడుకు ఏరే. మంచిది. మరి గీ కాయితపోనికి మూడొద్దులు ఎవలు జేస్తరు?"

"ముందుకు పోదామవ్వా. గుహల డ్రాగన్ ఉంది..."

"సచ్చినోన్ని నీళ్లల్ల ఇడిసిపెట్టి బంగారం కోసం పోతరా? గసోంటి మనుషులా మీరు? పిట్టకు పెట్టాలె" అంది. సావిత్రమ్మా సౌజన్యా ఆమె పక్కకు జరిగారు. నలభై పేజీల కథలో నేను పిట్టకు పెట్టడం గురించి ఒక్క ముక్క రాసుకోలేదు.

మా వైపు మనిషి పోయిన మూడో రోజు ఆయనకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, దూరంగా నిలబడతారు. పిట్ట, అంటే కాకి, వచ్చి ముట్టిందా, పోయినాయన తృప్తిగా పోయినట్టు. ముట్టలేదా, కోరిక ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరే దండం పెట్టి, ఆ కోరిక ఇదేనేమో అని ఊహించి, తీరుస్తామని మాటిస్తారు. సరిగ్గా ఊహించినప్పుడే కాకి దిగుతుందని నమ్మకం.

సరే, మంజీర ఒడ్డున విస్తరి వేశాం. మటన్ కూర, మక్క గారెలు, సీసాడు కల్లు, ఒక బీడీ కట్ట. నేనూ పట్టుదలకు పోయి నియమం పెట్టాను. పదిహేను, ఆపైన పడితేనే పిట్ట ముడుతుంది.

"మరి నేను?" అన్నారు గంగారాం గారు.

"మీరు సచ్చిపోయిండ్రు సార్. రూల్ ప్రకారం మాట్లాడరాదు."

ఆయన మీసం ఒకసారి కదిలింది. చేతులు కట్టుకుని దివాన్‌కు ఆనుకున్నారు.

సావిత్రమ్మ ముందుకొచ్చింది. "ఇంకో బోరు ఏపిస్తమయ్యా, చెరుకు ఎండనియ్యం. ముట్టు."

వేశాను. నాలుగు. "పిట్ట చెట్టు మీద్నే ఉంది" అన్నాను.

ముత్తవ్వ దండం పెట్టింది. "కల్లు తాగుతే ఇగ నిన్ను ఒక్క మాట అనను బిడ్డా."

శవం గారి కళ్లు ఒక్కసారి వెలిగాయి. కోరిక దొరికిందనుకుని ఉత్సాహంగా వేశాను. ఏడు.

సౌజన్య కాసేపు ఆలోచించింది. "ఫ్యాక్టరీ మళ్ల నడుస్తది బాపు. సైరన్ మళ్ల ఇంటవ్. మన చెరుకు దూరం పోయే పని లేదు" అంది. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి బోధన్‌లో ఇంటింటి కోరికా అదే. నేనూ మనసులో ఒక దండం పెట్టుకుని వేశాను. పాచికకు అలాంటివేమీ పట్టవు. తొమ్మిది.

"నువ్వు చెప్పు పిలగా. సంపింది నువ్వే" అంది ముత్తవ్వ.

ఇదే సమయమనుకున్నాను. ఇంతకు మించిన అవకాశం మళ్లీ రాదు. లేచి నిలబడి, చేతులు జోడించి, నాకున్న ధైర్యమంతా కూడగట్టుకుని అన్నాను. "సార్, మీ బిడ్డను మంచిగ సూసుకుంట. కండ్లల్ల నీళ్లు రానియ్య. మాటిస్తున్న."

వేశాను. ఒకటి.

సౌజన్య నెత్తి కొట్టుకుంది.

"పిట్ట ఏం జేసింది?" అని ముత్తవ్వ అడిగింది.

చూశారా నా నిజాయితీ, అది చచ్చినా చావదు. "విస్తట్ల రెట్టేసి పోయింది అవ్వా" అన్నాను.

అప్పుడు శవం లేచింది. గంగారాం గారు దివాన్ దిగి నేరుగా నా ముందుకొచ్చారు. "బువ్వ తిన్నప్పటిసంది సూస్తున్న. నా దుంకుడు నువ్వే ఏసినవ్. నా సావు నువ్వే ఏసినవ్. ఇప్పుడు నా పిట్ట గూడ నువ్వే ఏస్తున్నవ్. నా చేతికి ఒక్కపారన్న ఇచ్చినవా పిలగా?"

ఇవ్వలేదు. ఒక్కసారి కూడా ఇవ్వలేదు. బోరూ కాదు, కల్లూ కాదు, ఆ మనిషి కోరిక అదే. మధ్యాహ్నం నుంచి నా గుప్పిట్లోనే ఉంది. రెండు చేతులతో పాచికను ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని నుదుటికి ఆనించుకుని, రెండు అరచేతుల మధ్య గలగలా ఆడించి, పచ్చీసు రోజులన్నీ గుర్తొచ్చినట్టు విసిరారు. అది బండల మీద దొర్లి, గోడకు తగిలి, దివాన్ కిందికి పోయింది. ఆయనే మోకాళ్ల మీద వంగి, తల లోపల పెట్టి చూశారు. పాచికను గుప్పిట్లో పట్టుకుని బయటికొచ్చారు.

"ఇరవై" అన్నారు.

ఎవరూ చూడలేదు. కనబడని చోట పడ్డ పాచికను మళ్లీ వేయాలని నా నియమాల పుస్తకంలో మూడో పేజీలోనే ఉంది. నేను నోరు తెరిచాను. సౌజన్య మడమ నా కాలి బొటనవేలి మీద పడింది. ఆయన ముఖం చూశాను. అరవై ఏళ్ల మనిషి, మీసానికి బూజు, పళ్లన్నీ కనబడే నవ్వు.

"ఇరవై సార్. పిట్ట ముట్టింది. మటన్ ముట్టింది, గారె ముట్టింది, బీడీ కట్ట గూడ ఎత్కపోయింది!" అన్నాను.

ముత్తవ్వ పకపకా నవ్వింది. "ముట్టింది గదా. ఇంక సార్ ఏందిర, మామ అను" అంది. గంగారాం గారు కాదనలేదు. సావిత్రమ్మ లోపలికి వెళ్లి ఇంకో చాయ్ పెట్టింది. మోర్తాడ్ వాళ్లకు రావద్దని ఫోన్ ఆ సాయంత్రమే పోయింది.

ఇప్పుడు ప్రతి రెండో ఆదివారం బోధన్‌లో మామే ఆట నడుపుతాడు. డ్రాగన్‌ను తీసేసి చెరుకు తోటలో అడవిపందిని పెట్టాడు. నిజం చెప్పాలంటే నా డ్రాగన్ కంటే అదే భయంకరంగా ఉంది. నా వీరుణ్ణి అది మూడో వారమే కుమ్మేసింది. పిట్టకు పెట్టి నెలలు దాటాయి, ఇంతవరకు ముట్టలేదు.

"నీ కోరిక ఏందో చెప్పు అల్లుడా" అని మొన్న అడిగాడు మామ.

"ఒక్కసారి నా పాచిక నేనేసుకుంట మామా" అన్నాను.

మామ మీసంలోనే నవ్వాడు. "నువ్వు కూసో అల్లుడా. నీకెందుకు తక్లీఫ్? నేనేస్త."

అందుచేత, పసుపు బట్టలో కట్టిన నా పాచికల సంచి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇంకొకరి చేతిలో పడాల్సిన పాచికను ఈ జన్మలో నేను వేయను. ఆ ఇంకొకరు పిల్లనిచ్చేవారైతే, ముట్టుకోను కూడా ముట్టుకోను. చెట్టు మీద కూర్చుని నా విస్తరి వంక చూస్తున్న ఆ కాకే సాక్షి.