థీసిస్‌లో రెండు కిలోలు తగ్గాయి

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు నా థీసిస్ ఒక బఠానీ రకం మీద. మాంసకృత్తులు ఎక్కువున్న రకం. పచ్చిగా కోస్తే పశువులకు మేత, ఎండనిస్తే గింజ. ఊరి బయట పరిశోధన పొలంలో నాకు పన్నెండు మడులిచ్చారు. ప్రతి మడి దిగుబడీ తూచి రాయాలి కాబట్టి ఎవరూ ఒక్క కాయ కూడా తెంపకూడదు. ఈ సంగతి అందరికీ చెప్పాను, నా రూమ్మేట్‌కి తప్ప. కరీంనగర్ నుంచి వచ్చి కంప్యూటర్లు చదివేవాడికి పొలంతో ఏం పని అనుకున్నాను.

జూన్‌లో ఒక ఆదివారం తోచక నాతో వచ్చాడు. నేను చివరి మడిలో మొక్కల ఎత్తు కొలుచుకుంటూ ఉండిపోయాను. ఇంటికొచ్చాక వాడు వంటగదిలో బ్యాగు బోర్లించాడు. అన్నీ బఠానీ కాయలే.

"ఎక్కడివిరా ఇవి?"

"నీ చేన్లయే అన్నా. పులావ్ చేద్దాం. రెండు కిలోలుంటయ్."

"అది నా థీసిస్ రా."

"మన దిక్కు శెనగ చేను పక్క నుంచి పోతే నాలుగు కాయలు తెంపుకోరా? ఎవడన్న అడుగుతడా?"

ఇక్కడ అడుగుతారు. మడులు చెడ్డాయంటే మళ్లీ విత్తడానికి వచ్చే వసంతం దాకా ఆగాలి. నా వీసా ఆగదు.

మర్నాడు పొలం చూసుకునే టెక్నీషియన్ ముందు నిలబడ్డాను. యాభై దాటిన మనిషి. ఉరిశిక్షకు సిద్ధపడ్డవాడిలా మొత్తం చెప్పాను. ఆమె టీ తాగుతూ విని, "ఎక్కడ తెంపాడు?" అంది. రూమ్మేట్‌కి ఫోన్ చేశాను.

"దారి పొంటే అన్నా, అన్ని మడులకు. లోపట బురదుండె. కొత్త షూస్ కదా."

జర్మన్‌లో చెప్పేటప్పుడు షూస్ సంగతి వదిలేశాను.

"అయితే అంచు వరుసలే," అందామె. "వాటికి ఎండా గాలీ ఎక్కువ తగులుతాయి, అందుకే తూచం. కోతకు ముందే తీసి పారేస్తాం. నీకు తెలియదా?"

తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. భయపడడంలో పడి గుర్తు తెచ్చుకునే తీరిక దొరకలేదు.

అయినా ఇద్దరం పన్నెండు మడులూ నడిచి చూశాం. లోపలి తీగల్లో ఒక్క కాయా పోలేదు. గట్టు మీద కూలబడ్డాను. ఫోన్‌లో వాడు ఇంకా లైన్‌లోనే ఉన్నాడు.

"అన్నా, పాసైనట్టేనా?"

"ఇంకా కోయాలి, తూచాలి, రాయాలి. ఫెయిలైతే మాత్రం నీ వల్ల కాదు."