పంతులు పరీక్షకు నేను బండి కట్టిన రోజు

బడితో నాకున్న బంధమంతా దాని గోడతోనే. రెండో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం ఆ గోడ దూకి బయటపడ్డాను, మళ్లీ లోపలికి పోలేదు. అక్షరాలు మాత్రం నా వెంటే దూకి వచ్చాయి కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. అలాంటి నేను ఇబ్రహీంపట్నం నుంచి హయత్‌నగర్ దాకా ఆరు కోసులు బండి తోలుకొని పోయి, సర్కారు వారు పంతుళ్లకు పెట్టిన పరీక్షలో పంతుళ్ల మధ్య కూర్చొని వచ్చానంటే మా ఇంట్లోనే ఎవరూ నమ్మలేదు. మీ ఊరి పంతులుకు కూడా అలాంటి హుకుం వచ్చి, మీరూ బండి కట్టాల్సి వస్తే పనికొస్తుందని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మా పంతులు పేరు బాలకిష్టయ్య. నాకంటే అయిదారేళ్లు చిన్న. పదకొండేళ్లుగా మా ఊరి బడి ఆయన ఒక్కడి చేతుల మీదే నడుస్తోంది. మంచివాడు, పిల్లలకు ప్రాణం, కాని అధికారి అన్న మాట వింటేనే ఆయన పెదవులు ఎండిపోతాయి. శివరాత్రి పోయిన వారం తాలూకా కచేరీ నుంచి ఆయనకు కాగితం వచ్చింది. శిక్షణ పొందని పంతుళ్లందరూ హయత్‌నగర్ బడికి వచ్చి, మొహతెమీం సాబు ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. మొహతెమీం సాబు అంటే జిల్లాలోని బడులన్నిటినీ తనిఖీ చేసే అధికారి. ఆయనకు పాఠం నచ్చితే పంతులు పనిలో ఉంటాడు. నచ్చకపోతే ఆ చోటికి ఇంకొకరు వస్తారు, వచ్చేదాకా బడికి తాళం. మా పక్క ఊరి బడికి అలా పడిన తాళం రెండు వానాకాలాలు చూసింది.

నా కూతురు లచ్చవ్వ ఆ బడిలోనే రెండో తరగతి చదువుతోంది. మా ఇంటి నుంచి ఒక్క మనిషైనా ఆ తరగతి దాటాలని నాకు లోపల్లోపల ఉంది. పైకి మాత్రం, పంతులు వణుకుడు చూసే భాగ్యం మళ్లీ దొరకదని బండి కడుతున్నా అన్నాను. మామూలుగా అంత దూరానికి బండి కిరాయి రూపాయి, ఎడ్లకు మేత వేరే. పంతులు దగ్గర మేత మాత్రమే తీసుకున్నాను.

తొలికోడి కూయగానే బయలుదేరాం. బండిలో గడ్డి పరిచి, దాని మీద పంతులును కూర్చోబెట్టాను. ఆయన ఒళ్లో రెండు వస్తువులు ఉన్నాయి. ఒకటి చుట్టచుట్టిన తాలూకా పటం, పాఠం దాని మీదే. రెండోది మా పటేలు దగ్గర అడిగి తెచ్చుకున్న షేర్వానీ. అధికారి ముందుకు షేర్వానీ లేకుండా పోకూడదు, మా ఊరంతటికీ మంచిది అదొక్కటే. పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు దాన్ని. దారి పొడుగునా పాఠం వల్లె వేస్తూనే ఉన్నాడు. ఉత్తరం పైన, దక్షిణం కింద, తూర్పు కుడి, పడమర ఎడమ. నేను మధ్యమధ్యలో గొంతు మార్చి, మొహతెమీం సాబులాగా ఏదో ఒకటి అడిగేవాణ్ణి. అడిగిన ప్రతిసారీ ఆయనకు దిక్కులు తారుమారయ్యేవి. ఒకసారి పడమర కింద అన్నాడు. నేను నవ్వితే ఆయన నవ్వలేదు. అప్పుడు కొంచెం బాధేసింది, కాని అలవాటు చెడ్డది కదా, ఇంకో కోసు పోయాక మళ్లీ అడిగాను.

తెల్లవారేసరికి సగం దారి దాటాం. పొద్దు నా వీపు మీద, కుడి భుజం వైపు వెచ్చగా తగులుతుంటే ఎడ్లు వాటంతట అవే నడిచాయి. ఏడు గంటలకు తుర్కయాంజాల్ చేరాం. అక్కడ దారి పక్కన ఎల్లవ్వ అనే ముసలావిడ పొయ్యి పెట్టుకొని సర్వపిండి చేస్తుంది. అర్ధణాకు ఒకటి. వేరుశనగలు, నువ్వులు దండిగా వేస్తుంది, అంచులు కరకరలాడేదాకా పొయ్యి మీద నుంచి దించదు. నేను మూడు తిన్నాను. పంతులు ముందు పెట్టినది పెట్టినట్టే ఉంది.

ఎల్లవ్వ ఆయన్ను ఎగాదిగా చూసి, "ఏమైంది మల్లిగా ఈ పంతులుకు? జ్వరమా?" అని నన్ను అడిగింది.

"జ్వరం గాదవ్వా, పరీక్ష."

"గింత పెద్ద మనిషికి పరీక్షేంది?"

"పంతుళ్లకు గూడ పంతులుంటడంట. ఇయాల కొలువుల ఉంచుతడో తీసేస్తడో తెలుస్తది."

ఎల్లవ్వ పంతులు ముందున్న సర్వపిండిని ముక్కలు చేసి ఆయన చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడింది. పోయేటప్పుడు వేయించిన చింతగింజలు ఒక దోసెడు నా రుమాలులో పోసింది, నమలడానికి. ఆ గింజల సంగతి గుర్తుపెట్టుకోండి.

తుర్కయాంజాల్ దగ్గర దారి మళ్లుతుంది. అక్కడి నుంచి పొద్దు సూటిగా కళ్లలో కొట్టింది, తలగుడ్డ కిందికి లాక్కొని తోలాను. కొంత దూరం మంచి దిగుడు, ఎడ్లు ఉరికాయి. తొమ్మిదిన్నరకు హయత్‌నగర్ బడి ముందు ఆగాం. దారి బాగానే ఉంది, ఇరుసుకు ముందురోజే నూనె పెట్టుకుంటే చాలు.

ఇక్కడే నేను చేయకూడని పని చేశాను. పంతులు కాళ్లు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోయాడు. షేర్వానీ బండిలో ఉంది. ఆయన తిరిగి వచ్చేసరికి దాన్ని తొడుక్కొని, చేతులు వెనక్కి కట్టుకొని, మొహతెమీం సాబులాగా నిలబడి ఒక్కసారి అదరగొట్టాలనిపించింది. గుండీలన్నీ పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే బడిలోంచి గుమాస్తా రిజిస్టరు పట్టుకొని బయటికి వచ్చాడు. నన్ను చూసి సలాము చేసి, ఏ ఊరి బడి, పేరేమిటి అని అడిగాడు. షేర్వానీకి సలాము చేసే మనిషిని నేను జన్మలో మొదటిసారి చూస్తున్నాను. ఆ మురిపెంలో ఇబ్రహీంపట్నం అన్నాను, మల్లయ్య అన్నాను. ఆయన రాసేశాడు. తడి పంచెతో వస్తున్న పంతులును చూపించి, మీ బండివాణ్ణి ఎడ్లను నీడకు కట్టమనండి అని కూడా అన్నాడు.

సంగతి విప్పి చెప్పేసరికి గుమాస్తా ముఖం పాలిపోయింది. సిరాతో ఎక్కిన పేరు కొట్టేయాలంటే మొహతెమీం సాబు చేతి రాత కావాలట. పొద్దున్నే ఆయన ముందుకు తప్పుడు పేరుతో పోతే గుమాస్తాకూ చివాట్లు, బండివాణ్ణి పంతులుగా తెచ్చాడని మా పంతులు మీదా మచ్చ. చివరికి ఆయనే నా పేరు కింద పంతులు పేరు కూడా రాసి, దారి చూపించాడు.

"ఒక బడికి ఒక్కటే పాఠం. అది ఆయన చెప్తడు. నువ్వు ఎనక వరుసల కూసో. నోరు మాత్రం తెరవకు."

బండి చాటున షేర్వానీ మార్చుకున్నాం. పంతులు నన్ను తిట్టలేదు. గుండీలు నేనే పెట్టాను. "మల్లన్నా, ఇంటికాడ ఏం జెప్పాలె నేను?" అన్నాడు, పరీక్ష అప్పుడే తప్పినట్టు. నేను బండిలోంచి పటం తీసి ఆయన చేతిలో పెట్టాను.

ఈ పరీక్షలో ఒక పద్ధతి ఉంది, మీరు ముందే తెలుసుకోవాలి. అక్కడ పిల్లలు ఉండరు. ఒక పంతులు పాఠం చెబుతుంటే మిగతా పంతుళ్లు పిల్లల్లాగా నేల మీద కూర్చుంటారు. మేము ఇరవై మంది దాకా ఉన్నాం. మొహతెమీం సాబు సన్నగా, పొడుగ్గా, తెల్లగడ్డంతో ఉన్నాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. మొదటి పంతులు ప్రశ్న పూర్తి చేయకముందే ఇరవై గొంతులు ఒక్కటై జవాబు చెప్పాయి. రెండో పంతులుకూ అంతే. పెద్దాయన పెన్సిలు పక్కన పెట్టి, "ఈ పిల్లలకు అన్నీ వచ్చు. వీళ్లకు పంతులెందుకు?" అన్నాడు. ఆ ఇద్దరినీ మళ్లీ రమ్మని రాసుకున్నాడు. మళ్లీ రమ్మనడం అంటే ఇంకొక్కసారే, ఆ తర్వాత తాళమే.

మూడో పేరు బాలకిష్టయ్య. పటం గోడకు తగిలించి, బండిలో వల్లె వేసిందే మొదలుపెట్టాడు. ఉత్తరం పైన, దక్షిణం కింద. ఇదిగో కింద ఇబ్రహీంపట్నం, ఇదిగో పైన హయత్‌నగర్. వెనక ఇరవై గొంతులు. పెద్దాయన మళ్లీ పెన్సిలు పక్కన పెట్టబోయాడు.

ఒట్టేసి చెబుతున్నాను, ఆయన్ను కాపాడాలన్న తెలివి నాకు రాలేదు. పటాలు మూడో తరగతిలో మొదలవుతాయి, నేను రెండులోనే గోడ దూకాను. పుట్టాక పటాన్ని దగ్గర నుంచి చూడడం అదే మొదలు. చూస్తుంటే ఒక అనుమానం వచ్చింది, ఇక నోరు ఆగలేదు.

"పంతులూ, జర ఆగు," అన్నాను. "హయత్‌నగర్ పైనుంటే మనం పొద్దుగాల ఎక్కుకుంట రావాలె గద. మరి తుర్కయాంజాల్ దాటినంక నా ఎడ్లు దిగుడు దిగినయి. పటం తప్పా, ఎడ్లు తప్పా?"

గది గొల్లుమంది. గుమాస్తా తల పట్టుకున్నాడు. పంతులు నా వైపు చూశాడు. పదకొండేళ్లుగా ఆయన్ను ఆట పట్టిస్తున్నవాణ్ణి, ఇదీ అదేనేమో అని వెతికినట్టు నా ముఖమంతా చూశాడు. అందులో ఆట లేదని తెలిసింది. అప్పుడు ఆ మనిషి మారిపోయాడు. బడిలో పిల్లల మధ్య ఎలా ఉంటాడో అలా అయ్యాడు. పటాన్ని గోడ మీద నుంచి తీసి నేల మీద పరిచి, నన్ను ముందుకు రమ్మన్నాడు.

"మల్లన్నా, పొద్దుగాల తుర్కయాంజాల్‌కు వచ్చేటప్పుడు ఎండ నీకు యాడ తగిలింది?"

"ఈపు మీద. కుడి రెక్క దిక్కు."

"సర్వపిండి తిన్నంక?"

"కండ్లల్ల కొట్టింది."

"అయితే మనం యాడ మర్రినమో నీ ఒంటికి ఎరుకే. పటానికి గూడ గదే ఎరుక. పైన అంటే ఎత్తు గాదు, ఉత్తరం దిక్కు. గుట్టలు, దిగుళ్లు ఈ పటం జెప్పదు. దిక్కు జెప్తది." అంటూ పటాన్ని నేల మీద తిప్పి, దాని ఉత్తరాన్ని అసలు ఉత్తరానికి కలిపాడు. రుమాలులో ఏముందని అడిగి, బండి ఆగిన చోటల్లా ఒక చింతగింజ పెట్టమన్నాడు. ఇబ్రహీంపట్నం మీద ఒకటి పెట్టాను. ఎల్లవ్వ పొయ్యి దగ్గర ఒకటి. మేము కూర్చున్న బడి మీద ఒకటి. పెట్టి చూస్తే పొద్దున్నుంచి నేను తోలిన బండి మొత్తం నా అరచేయంత జాగాలో కనిపించింది. నా ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు.

పంతులు వదిలిపెట్టలేదు. మొదటి గింజ నుంచి చివరి గింజకు సూటిగా వేలితో గీత గీయమన్నాడు. గీశాను. తుర్కయాంజాల్ ఎక్కడో పక్కకు ఉండిపోయింది. నా వేలు కోహెడ మీదుగా పోయింది, అలా పోతే దారి కోసు పైనే తక్కువ. ఇరవై ఏళ్లుగా ఈ దారి నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి.

"మరి ఇన్నేండ్లు సుట్టూ తిరిగి ఎందుకు పోతున్నవ్, మల్లన్నా?" అన్నాడు పంతులు, నా గొంతును నాకే అప్పజెప్పినట్టు.

సర్వపిండి కోసమని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఈసారి పెద్దాయన కూడా నవ్వాడు. లేచి వచ్చి, తన షేర్వానీ నలుగుతుందని చూడకుండా పటం పక్కన మోకాళ్ల మీద కూర్చొని, నన్ను సూటిగా అడిగాడు, నువ్వు ఏ బడి పంతులువని.

"పంతుల్ని గాదు, హుజూర్. బండోన్ని. తప్పు నాది, ఆయనది గాదు." షేర్వానీ సంగతి మొత్తం చెప్పాను.

పెద్దాయన రిజిస్టరు తెమ్మన్నాడు. బాలకిష్టయ్య పేరు ఎదురుగా ఒక వాక్యం రాసి, ఆయన్నే చదివి వినిపించమన్నాడు. పాఠం చెప్పడం వచ్చిన మనిషి, పనిలో కొనసాగించాలి అని ఉంది. పంతులు చివరి మాట దగ్గర ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. గుమాస్తా నా పేరు చూపించి, దీన్ని కొట్టేయమంటారా అని అడిగాడు. పెద్దాయన కొట్టేయలేదు. పక్కన ఒక్క మాట రాసి సంతకం పెట్టాడు, విద్యార్థి అని.

తిరిగి వచ్చేటప్పుడు కోహెడ దారి పట్టాం. కొంత రాళ్లు ఉన్నాయి గాని, పొద్దుగూకక ముందే ఊళ్లో ఉన్నాం. పంతులు షేర్వానీ విప్పనన్నాడు. బండి ముందు భాగంలో నా పక్కనే కూర్చొని, మోదుగు పూసిన ప్రతి చేను దగ్గరా నన్ను దిక్కులు అడుగుతూ వచ్చాడు. నేను తప్పు చెబితే నవ్వాడు, నాకంటే బాగా ఆట పట్టించగలడని ఆ రోజే తెలిసింది. ఎల్లవ్వకు మాత్రం కబురు పంపాను, పంతులు నిలబడ్డాడని, సర్వపిండి పనిచేసిందని.

ఇంటికి వచ్చాక ఒకటి తోచింది. అన్నీ తెలిసినవాళ్ల ముందు ఎంత గొప్ప పంతులైనా వణుకుతాడు. తెలియదని చెప్పే మనిషి ఒక్కడు ఎదురుగా ఉంటే చాలు, నిటారుగా నిలబడతాడు. నేను చిన్నప్పుడు గోడ దూకకుండా, తెలియదు అని ఆ ఒక్క మాట అని ఉంటే అప్పటి పంతులు కూడా నా కోసం పటాన్ని నేల మీద పరిచేవాడేమో. వచ్చే ఏడు లచ్చవ్వ మూడో తరగతి. బడికి తాళం లేదు. ఆమె పటం తెరిచే రోజుకు ఎల్లవ్వ గింజలు మూడు దాచిపెట్టాను.

మొహతెమీం సాబు కూడా ఊరికే ఉండలేదు. ఇక మీదట పరీక్షకు వచ్చే ప్రతి పంతులూ ఆ పాఠం రాని మనిషిని ఒకణ్ణి వెంట తెచ్చుకోవాలని హుకుం పంపాడు. అందుకే ఒక్క సలహా. బండిలో మేతతో పాటు అలాంటి మనిషికీ చోటు ఉంచుకోండి, ముందురోజే వెతికి పెట్టుకోండి. పటం పాఠమైతే నన్ను పిలవకండి, అది నాకు వచ్చేసింది. భాగాహారమైతే చెప్పండి, బండి కూడా నాదే కడతాను.