తిత్తి ఆడని హార్మోనియం

మా పాప ఆ పాట బడిలో పాడితే ఎవరైనా గొడవకొస్తారేమో! ఆ పాట మౌలాలిలో మా పక్కింటి అల్లాబక్ష్‌ది. చెరువును పూడ్చి ప్లాట్లు చేసినవాళ్ల మీద కట్టాడు. నిరుడు కాలనీ సభలో రెండో చరణం దగ్గర మైకు తీసేశారు. మళ్లీ పాడనని కాగితం రాయించుకున్నారు. అప్పటినుంచి ఆయనను పాటకు పిలిచేవాళ్లు లేరు, వంత పాడేవాళ్లూ రావడం మానేశారు. రోజూ సాయంత్రం వాకిట్లో చాప పరిచి, హార్మోనియం మీది దుమ్ము కండువాతో తుడిచి, తిత్తి కదపకుండా మీటలు నొక్కుతాడు. గాలి ఆడదు కనుక చప్పుడు రాదు. వేళ్లు రెండో చరణం దాకా వెళ్లి, అక్కడ ఆగి, మళ్లీ పల్లవికి వస్తాయి.

పాటంతా పాపకు ఎప్పుడో వచ్చేసింది. మొన్న గేటు పట్టుకుని అందుకుంది. నేను పరుగున వెళ్లి పాప నోరు మూశాను. ఆయన తలెత్తాడు.

“నాతోని కాగితం రాయించుకున్నరు. పాపతోని సుత రాయించుకుంటరా ఏందీ?” అని నవ్వాడు. తర్వాత నాతో నెమ్మదిగా అన్నాడు: “నడుమల ఆపకు బేటా. ఆపిన కాడనే గొంతు ఆగిపోతది. ఏం చెప్పాల్నన్నా పాట అయిపోయినంక చెప్పు.”

ఇప్పుడు పాప పాడుతుంటే ఎవరైనా వింటున్నారేమోనని వీధి వైపు చూస్తూనే ఉంటాను. అయినా ఆఖరి చరణం అయ్యేదాకా గేటు దగ్గరే నిలబడుతున్నాను.