సగం పాటల అన్న

బోధన్‌లో మా పక్కింట్లో అద్దెకుండిన అన్న ఏ పాటనూ చివరిదాకా విననిచ్చేవాడు కాదు. పాత పాటలనే మళ్లీ కొత్తగా అచ్చువేసిన వినైల్ రికార్డులంటే ఆయనకు పిచ్చి. అందులోనూ కొన్ని కాపీలు మాత్రమే వచ్చే రంగు రికార్డులైతే ఇక నిద్ర పట్టేది కాదు. కొత్తది రాగానే నన్ను పిలిచి, కిటికీ వెలుగుకు పట్టి చూపించేవాడు. పాట సగంలో ఉండగానే ముల్లు ఎత్తేసి, "గిది సూడు చెల్లె, ఇంకా మస్తుగుంటది" అని మరొకటి పెట్టేవాడు. అది తిరుగుతుంటే ఫోనులో కొనడానికి ఇంకో రికార్డు వెతికేవాడు.

ఒకరోజు పాత హిందీ పాటల నీలం రికార్డు పెట్టాడు. ఎప్పటిలాగే సగంలో ముల్లు మీదికి చెయ్యి పోయింది.

"ఆపకు బేటా! పూరా విననియ్యి."

మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఇంటి ఓనరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. అన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పాట అయ్యాక ఖాలా మెల్లగా చెప్పింది. "సక్కెర ఫ్యాక్టరీల డ్యూటీ దిగి మా ఆయన గిదే పాడుకుంట వస్తుండె. గల్లీ మొదట్ల వినవడంగనే నేను చాయ్ పెడుతుంటి. ఆయన పోయినంక గీ పాట మళ్ల వినలే."

అన్న కుర్చీ తెచ్చి వేశాడు. "కూసో ఖాలా, ఇంకా ఉన్నయ్" అన్నాడు.

ఆ వైపు అయిపోగానే రికార్డు తిప్పి పెట్టి, ఆమె పక్కనే నేలమీద కూర్చున్నాడు. ఆయన మోకాలు ఊగుతూనే ఉంది. అయినా ఆఖరి పాట అయ్యేదాకా లేవలేదు.