శుక్రవారం పాట నాది కాదన్నాడు

దేశంకాని దేశంలో, ఈ బుకిట్ బటోక్‌లో మా ఫ్లాటుకీ మహీధర్ ఫ్లాటుకీ మధ్య ఒక్కటే గోడ. అవతల తాలింపు పడితే ఏ కూరో ఇవతల నాకు తెలిసిపోతుంది. అలాంటిది మనుషుల సంగతి తెలుసుకోకుండా ఎలా ఉంటాను? నేను చదివింది అయిదో తరగతే. అడగడానికి చదువెందుకు?

మహీధర్‌కి నలభై దాటాయి. కాకినాడ వాడు. సాఫ్ట్‌వేర్ రాస్తాడు. నా మనవరాలు కీర్తిక కిందటేడు అతని టీములోనే ఉద్యోగానికి చేరింది. ఆ టీములో అతనొక్కడే పెద్దవాడు, మిగతా అంతా పిల్లకాయలు. ఈమధ్య పాతవాళ్లలో ఎవర్ని ఉంచాలి, ఎవర్ని పంపాలి అని పైవాళ్లు చూస్తున్నారట. అందుకని అతను ఒళ్లు దగ్గర పెట్టుకుని తిరుగుతాడు. వాసనొస్తుందని పప్పన్నం పట్టుకెళ్లడు. భార్య శ్రీలేఖ ఫోను చేస్తే బయటికెళ్లి మాట్లాడతాడు. టీములో పిల్లలు ఏ పాట వింటే అదే వింటాడు.

ఓ పొద్దున లిఫ్టులో ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"ఏ సినిమాలోదయ్యా?"

"సినిమా కాదాంటీ."

"మరేంటి?"

రైలు స్టేషను దాకా వెంటపడి చెప్పించాను. పాప్ పాటలంటే కుర్రకారు ఊగిపోయే రోజుల్లో, కాలేజీలో ఉండగా, స్నేహితులతో కలిసి ఓ క్యాసెట్టు చేశాడట. పాడింది తనే. అట్ట మీద బొమ్మలో అందరికీ నల్లకళ్లద్దాలూ, కాకినాడ ఎండలో జీన్సు కోట్లూనట.

"ఎవరైనా విన్నారా మరి?"

"కాలేజీ ఎదురుగా టీకొట్టులో ఎండాకాలమంతా అదే మోగిందాంటీ!" అన్నాడు. అంటున్నప్పుడు ఆ మొహం చూడాలి, కుర్రాడి మొహమే. వెంటనే సర్దుకుని, "ఎవరికీ చెప్పకండేం" అన్నాడు.

నేను కీర్తికకి చెప్పాను. 'ఎవరికీ' అంటే ఇంట్లో పిల్ల ఆ లెక్కలోకి రాదు కదా అనుకున్నాను.

అది ఫోనులో వెతికి ఆ పాట పట్టేసింది. ఎవరో నెట్‌లో ఎక్కించారట. "అమ్మమ్మా, సో క్యూట్ లా!" అని, ఇక్కడివాళ్లలాగే మాట చివర 'లా' తగిలించి గెంతింది. శుక్రవారం పని ముగిశాక వాళ్ల టీములో ఓ ఆట ఉంది. ఎవరో ఒకరు పాట పెడతారు, అది ఎవరికి ఇష్టమైన పాటో మిగతావాళ్లు చెప్పాలి. ఆ ఆటలో ఈ పాట పెట్టి అంకుల్‌ని ఆశ్చర్యపరుస్తానంది. బాగుంటుందనే నేనూ అన్నాను.

ఆ సాయంత్రం వచ్చి సంచీ సోఫా మీద పడేసింది.

"ఏమైందే?"

"అందరూ నవ్వారు. మధ్యలో 'హే బేబీ' అని ఒక వాయిస్ వస్తుంది కదా, అక్కడ మా బాస్ అయితే కళ్లు తుడుచుకున్నాడు. 'మహీధర్, ఇది నీదేగా' అన్నారు. అంకుల్ ఏమన్నాడో తెలుసా? 'నో ఐడియా, ఎప్పుడూ వినలేదు, కీర్తికని అడగండి' అన్నాడు. తనూ నవ్వాడమ్మమ్మా. అందరికంటే లౌడ్‌గా."

"నువ్వేమన్నావు?"

"నాదే అన్నాను. వాట్ టు డూ? ఇప్పుడు నన్నే హే బేబీ అంటున్నారు లా."

మర్నాటి నుంచి మహీధర్ లిఫ్టు ఎక్కడం మానేశాడు. అన్ని అంతస్తులూ మెట్లెక్కి, చప్పుడు కాకుండా తలుపు తీసుకుంటున్నాడు. నాకు తెలియకుండా ఎలా పోతాడు? ఆదివారం పులిహోర గిన్నె పట్టుకుని వాళ్ల గుమ్మంలోనే ఆపాను.

"మెట్లేంటయ్యా? లిఫ్టు ఏమైనా కరుస్తోందా?"

తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"వాళ్లు నవ్వారంటే తెలియక నవ్వారాంటీ. నా గొంతని తెలిసి నేను నవ్వాను. చిన్నపిల్ల మీదకి నెట్టేశాను. పైగా... ఆ హే బేబీ అన్నది మా గణపతి. వాడిప్పుడు లేడు. పోయి చాలా ఏళ్లయింది. నవ్వుతున్నంతసేపూ వాడి గొంతు వినపడుతూనే ఉంది."

చెప్పొద్దంటే చెప్పింది నేను కదా. గిన్నె అతని చేతిలో పెట్టబోతే చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"కీర్తికకి సారీ చెప్పాలాంటీ, పిలుస్తారా?"

అది మా ఇంట్లోనుంచి అంతా వింటూనే ఉంది. గుమ్మంలోకి వచ్చి, "ఇక్కడ చెప్తే ఏం యూజ్ అంకుల్? నవ్వింది అక్కడ కదా" అంది.

"నోరు ముయ్యవే" అని నేను అననే లేదు.

ఆ శుక్రవారం నాకు వంట మీద ధ్యాస లేదు. చెబితే ఆఫీసులో నవ్వులపాలు, చెప్పకపోతే ఈ పిల్ల కళ్లలో చులకన. కీర్తిక రాగానే పట్టుకున్నాను.

"చెప్పాడమ్మమ్మా. లేచి నిలబడి, 'పోయినవారం పాట నాది, పాడింది నేనే, తెలియదని అబద్ధం చెప్పాను' అన్నాడు."

"ఏమన్నారు వాళ్లు?"

"బాస్ ఫోన్ చూసుకుంటూ 'విచ్ సాంగ్?' అన్నాడు. ఎవరో గుర్తుచేస్తే, 'ఓ, నైస్ నైస్' అని నెక్స్ట్ పాట పెట్టమన్నాడు. అంకుల్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఇంకేదో చెప్పాలనుకున్నాడేమో, ఎవరూ అడగలేదు."

ఇంతలో వరండాలో మెట్ల వైపు నుంచి అడుగుల చప్పుడు. నాకంటే ముందు కీర్తికే బయటికెళ్లింది.

"అంకుల్, గణపతి అంకుల్‌కి ఇంగ్లీష్ బాగా వచ్చా?"

తాళంచెవి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఎక్కడమ్మా! వాడికొచ్చిన ఇంగ్లీషంతా ఆ పాటలోనే ఉంది" అని నవ్వాడు. ఆ వెంటనే మొహం తలుపు వైపు తిప్పేసుకుని, చొక్కా చేత్తో కళ్లు ఒత్తుకున్నాడు. కీర్తిక అక్కడే నిలబడింది. అతను ఎంతసేపటికీ ఇటు తిరగలేదు.