దబ్బనం దొరికేదాకా

గన్నవరంలో విమానం ఎక్కి కూర్చున్నాం గానీ అది ఎంతకీ కదలలేదు. ఏదో పరీక్ష చేస్తున్నారట, కాసేపు ఓపిక పట్టమన్నారు. ముందు సీట్లో పెద్దమనిషి మాటిమాటికీ గడియారం చూసుకుంటూ అందరికీ వినపడేలా నిట్టూరుస్తున్నాడు. నా పక్కన, కిటికీ దగ్గర మా తమ్ముడు. వాడికీ నాకూ ఇదే మొదటి విమానం. నలగని పంచె, భుజాన తువ్వాలు, ఒళ్ళో వేటపాలెం జీడిపప్పు డబ్బా. పైన పెట్టమంటే పెట్టడు, ఎవరైనా లాక్కుపోతారన్నట్టు పట్టుకు కూర్చున్నాడు. కింద, రెక్క దగ్గర, మెరిసే పసుపు కోటు వేసుకున్న ఒకమ్మాయి పట్టపగలు టార్చిలైటు పట్టుకుని చక్రాల మధ్యలోకి వంగి చూస్తోంది. ఆ పిల్లని చూడగానే మా తమ్ముడి చెయ్యి తనంతట తనే తల మీదికి పోయి తడుముకుంది. నాకు నవ్వాగలేదు. వాడేం తడుముకున్నాడో ఆ విమానంలో నాకొక్కదానికే తెలుసు.

ఆ సంగతి మా తమ్ముడి కూతురు ఇంటర్ పాసైన వేసవిలోది. పర్చూరు దగ్గర మా ఊళ్ళో వాడు మిరప వేస్తాడు. నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరై వాళ్ళ పక్కింట్లోనే ఉంటున్నాను. మా మేనకోడలికి చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. ఏదైనా విప్పిందంటే, మళ్ళీ సరిగ్గా బిగించేదాకా అన్నానికి రాదు. ఒకసారి మందుకొట్టే తైవాన్ పంపు విప్పి బిగించింది. పంపు బ్రహ్మాండంగా పనిచేసింది గానీ ఒక వాషరు మిగిలిపోయింది. "పనిచేస్తోందిగా తల్లీ, వదిలెయ్" అని వాళ్ళ నాన్న బతిమాలాడు. ఇక్కడ మిగిలిందంటే లోపలెక్కడో లేదనేగా అని మొత్తం మళ్ళీ విప్పింది. ఆ రోజు చేలో మందు కొట్టనే లేదు. అలాంటి పిల్లకి విమానాల మరమ్మతు నేర్పే చదువులో సీటొస్తే నాకేం ఆశ్చర్యం కలగలేదు. మా తమ్ముడి గుండెల్లో మాత్రం రాయి పడింది. "మన ఇంటావంటా విమానం ఎక్కినోళ్ళే లేరు, దాన్ని ఇది బాగుచేస్తుందంట! ఊళ్ళో పిల్లలంతా కంప్యూటర్లే కదా చదివేది, ఆ సీటూ వచ్చిందిగా. చెప్పక్కా నువ్వన్నా!" అని నా మీద పడ్డాడు.

అసలు వాడికంటే పిల్లే ఎక్కువ ఊగిసలాడుతోంది. సీటిచ్చిన చోటు చూసి రమ్మంటే వెళ్ళొచ్చింది. వచ్చిన సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, "అత్తా, పనయ్యాక సంతకం పెట్టాలంట. ఆ సంతకం చూసే విమానం ఎగరనిస్తారంట. పెట్టేసి ఇంటికొచ్చాక నాకు నిద్ర పడుతుందంటావా?" అని అడిగింది. ఆ వయసు పిల్ల నిద్ర గురించి బెంగపడుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఇష్టం లేక కాదు, అంత ఇష్టమైన పని తన చేతుల్లో ఎక్కడ చెడుతుందోనని భయం. చేరేదీ లేనిదీ ఆ వారంలోనే చెప్పెయ్యాలి. ప్రార్థన చేసుకో అన్నాను. అంతకంటే తెలివైన మాట నాకు తట్టలేదు.

ఆ వారంలోనే కల్లంలో కాయలు టిక్కీలకెత్తారు. మా వైపు మిరపకాయలు నింపిన గోతాన్ని టిక్కీ అంటాం. పాలిపోయిన తాలుకాయలు ఏరేసి, కాయ విరగకుండా ముందే నీళ్ళు చిలకరించి మెత్తబరిచి, గోతంలో పోసి, మనిషి పైకెక్కి తొక్కుతూ నింపుతాడు. అలా కూరిన టిక్కీ మూతి పురికొసతో కుట్టడానికి జానెడు పొడుగు సూది, దబ్బనం, కావాలి. ఆ ఘాటుకి అందరికీ తుమ్ములే. మా కల్లంలో ఎవరూ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడి ఎరగరు. ఆ రోజు కుట్టే పని మేనకోడలిది. తను మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్న కాసేపు కుట్టి, మళ్ళీ బరువులెత్తడానికి పోయాడు. లారీ సగం నిండింది. తిరిగొచ్చిన పిల్ల అటూ ఇటూ వెతికి, "నాన్నా, దబ్బనం కనపడటంలేదు" అంది.

"పోతే పోయిందిలే, ఇంట్లో ఇంకోటుంది."

"దాని కోసం కాదు. టిక్కీలో పడిందేమో."

"అయితే? తొక్కిన టిక్కీలు విప్పితే కాయంతా నుగ్గవుద్ది. పొద్దున్నే సరుకు మిర్చి యార్డులో ఉండాలి. పిచ్చి పట్టిందా నీకు?"

పిల్ల గొంతు పెంచలేదు. "రేపు తొడిమలు తీసే ఆడోళ్ళు ఉత్త చేతులు పెడతారు నాన్నా. చేతిలో దిగితే?" అంది.

తొడిమలు తీసి తీసి మండే చేతులు మా ఊళ్ళో ఇంటింటా ఉన్నాయి. మా మరదలి చేతులూ అవే. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు చేతులాపేశారు. వాళ్ళలో ఒకామె, "విప్పించయ్యా" అంది. వాడు లారీ దగ్గరికెళ్ళి మొదటి టిక్కీ తనే దింపాడు. ఆ పూట కుట్టిన టిక్కీలన్నీ దింపి, కుట్లు తెంపి, పట్టాల మీద కుమ్మరించాం. హారన్ కొట్టి కొట్టి విసిగిన లారీ డ్రైవరు కూడా దిగొచ్చి, తుమ్ముతూ మాతోపాటు వెతికాడు. పొద్దు వాలింది గానీ దబ్బనం దొరకలేదు. పిల్ల కళ్ళ నీళ్ళు ఘాటువో, బెంగవో తెలియలేదు. మా తమ్ముడు విసురుగా తలగుడ్డ లాగి మొహం తుడుచుకోబోయి, "అబ్బా!" అని అరిచాడు. దబ్బనం ఆ తలగుడ్డ మడతలోనే ఉంది. కుట్టడం ఆపగానే అలవాటుకొద్దీ అక్కడ గుచ్చుకున్నాడు మహానుభావుడు!

కల్లమంతా నవ్వులు. ఇంత చాకిరీ ఉత్తిపుణ్యానికి చేయించానే అని పిల్ల కుమిలిపోతుందనుకున్నాను. అది మాత్రం గట్టిగా ఊపిరి వదిలి, "హమ్మయ్య, ఇక కుట్టొచ్చు" అని పురికొస అందుకుంది. మా తమ్ముడు బుగ్గ మీద గీత తుడుచుకుంటూ దాని దగ్గరికెళ్ళి దబ్బనం చేతికిచ్చి, "ఆ చదువులోనే చేరమ్మా. ఆ సంతకం నువ్వే పెట్టాలి" అన్నాడు.

"నిద్ర పట్టకపోతే నాన్నా?"

"లేచెళ్ళి మళ్ళీ విప్పి చూసుకో. నీకది కొత్తా?"

అప్పుడేడ్చింది పిల్ల. నేనూ ఏడ్చాను. మా కళ్ళ నీళ్ళు ఘాటువి కావు.

చదువు పూర్తయి ఇప్పుడది హైదరాబాదులో విమానాల మరమ్మతు దగ్గరే ట్రైనీగా చేరింది. తనని చూడటానికి మేం బస్సులో రావడానికి వీల్లేదంది. అలా ఆ విమానంలో కూర్చున్నాం. ముందు సీటు పెద్దమనిషి వెనక్కి తిరిగి, "ఇంకా ఎంతసేపు చూస్తారండీ?" అని చికాకుపడ్డాడు. "చూడనివ్వండి బాబూ, ఎవరి పిల్లో పాపం, ఎండలో వెతుకుతోంది" అన్నాడు మా తమ్ముడు. కాసేపటికి కిందనున్న అమ్మాయి టార్చి ఆర్పేసి, ఎవరివైపో తిరిగి బొటనవేలు ఎత్తింది. మావాడు కిటికీలోంచి తనూ బొటనవేలు ఎత్తాడు. బడిలో ఉన్నన్నాళ్ళూ కాలమంటే గంట కొట్టగానే అయిపోయేదనుకునేదాన్ని. ఆ పూట ఆలస్యమైన కాసేపూ మాత్రం నాకు పోయిన కాలంలా అనిపించలేదు. అది ఎవరి కూతురో తన కాలంలోంచి తీసి మాకు పెట్టినది.